వీల్ ఆఫ్ టైమ్: పుస్తకం చదవనివాళ్లు మాట్లాడొచ్చా?

ఉదయసముద్రం (నల్లగొండ):
వారం నుంచి చూస్తున్నా, ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాల మీద ప్రైమ్ వీడియో తీసిన 'వీల్ ఆఫ్ టైమ్' సిరీస్ ఆపేశారని ఈ గ్రూపులో అందరూ ఒకటే ఏడుపు. 2021లో మొదలైంది, మూడు సీజన్లు, 24 ఎపిసోడ్లు, 2025 మేలో బంద్. నా మట్టుకు నాకు అది మొదటి ఎపిసోడ్‌లోనే బంద్ అయింది. మొదటి పుస్తకంలో పెరిన్ అనేవాడికి పెళ్లే కాలేదు, కమ్మరి దగ్గర పని నేర్చుకునే పిల్లాడు. టీవీ వాళ్లు వాడికి పెళ్లి చేసి, అదే ఎపిసోడ్‌లో ఆ పిల్లను పొరపాటున వాడి గొడ్డలికే బలిచ్చారు. ఎందుకట? రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదటి పుస్తకం తెచ్చాడు, మొత్తం 14, నలభై లక్షల పైచిలుకు మాటలు. అవి చదవకుండా కథ బాగుంది అనేవాళ్లు దయచేసి కథ జోలికి రాకండి. ఫైట్లు బాగున్నాయి అనండి, చాలు.

మక్తల్ మామ:
మిర్చి బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నా. కానియ్యండి.

పాలమూరు పోరడు:
నేను చదవలేదు. తెలుగు ఆడియోలో చూశాను, మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ మూడుసార్లు చూశాను. హీరో రాండ్ ఒక ఎడారి ఊరికి పోయి, అద్దాల స్తంభాల మధ్య నడుస్తుంటే వాళ్ల తాత ముత్తాతల బతుకంతా వెనక్కి వెనక్కి కనబడుతుంది. తాతల వేషాలన్నీ రాండ్ వేషం వేసిన ఆ ఒక్క నటుడే వేశాడు. మా ఊరు నారాయణపేట దగ్గర. ఎండిన నేల, నీళ్లను లెక్కపెట్టుకుని తాగే మనుషులు, మేం ఎక్కడి నుంచి వచ్చాం, ఎందుకిట్లా అయ్యాం అనే ప్రశ్న, ఇవన్నీ నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు ఏడుపొచ్చింది. అది కథ కాదా సార్?

ఉదయసముద్రం:
తమ్ముడూ, నువ్వు చెప్పేది నాలుగో పుస్తకంలోది, 1992లో వచ్చింది. మంచి ఘట్టమే, కాదనను. ఆయుధం ముట్టబోమని ఒట్టు పెట్టుకున్న జనం రాండ్ తాతలు. దొంగలు ఎత్తుకుపోయిన అక్కచెల్లెళ్లను తేవడానికి ఒక పిల్లాడు ఈటె పట్టి మనిషిని చంపుతాడు. తిరిగొస్తే కన్నతల్లి నీ మొహం నాకు చూపించకు అంటుంది. ఆ జనం మొహానికి గుడ్డ కట్టుకునే అలవాటు అక్కడ పుట్టింది. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి బయటికి పోయి నిలబడ్డాను. సరే, నేనడిగింది వేరే. పెరిన్‌కి పెళ్లెందుకు చేశారు?

మిర్యాలగూడ అక్క:
బాబూ, ఆ పెళ్లి వదిలెయ్. మీ ఇంట్లో పెళ్లయినట్టు బాధపడుతున్నావు.

దేవరకొండ తాత:
మా కాలంలో ఈ గొడవ లేదు బిడ్డా. చందమామ వచ్చిందంటే ముందు సీరియల్ పేజీ, అందులో చిత్రా గారి బొమ్మలు, నాలుగు చేతుల రాక్షసులు, కోటలు. ఆ సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక తెలిసింది. మా అమ్మకు చదువు రాదు, నేను చదివితే వినేది. ఆమెకు కథ తెలియదని ఎవరంటారు?

ఉదయసముద్రం:
తాతా, మీరు చదివారు, ఆమె విన్నది. మాట మారలేదు. ఇక్కడ మాటే మార్చేశారు. పెరిన్‌కి తన బలమంటేనే భయం, ఎవరికైనా దెబ్బ తగులుతుందేమోనని ఆచితూచి కదులుతాడు. అది వాడి పుట్టుక గుణం. దానికి చచ్చిపోయిన పెళ్లాం కారణం అక్కర్లేదు. ఈ ముక్క అర్థం కావాలంటే చదవాలి. చూస్తే రాదు.

పాలమూరు పోరడు:
చదవాలి చదవాలి అని నాలుగోసారి అన్నారు. నేను పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. నాన్న ఏడాదికి ఎనిమిది నెలలు పుణెలో మట్టి పని. ఇంటర్‌లో ఒక సారు నన్ను నిలబెట్టి ఇంగ్లీషు పేరా చదివించి, క్లాసంతా నవ్వేదాకా కూర్చోనివ్వలేదు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మీరు ఫైట్లు బాగున్నాయి అనండి చాలు అన్నప్పుడు అదే వినబడింది. మీకు పెరిన్ పెళ్లి కాదు సార్ నొప్పి, మాలాంటోళ్లకు కూడా ఈ కథ దొరకడం నొప్పి.

మక్తల్ మామ:
బజ్జీ గొంతులో ఇరుక్కుంది.

నాగార్జున గాలి:
అడ్మిన్ ఉన్నాడా?

ఉదయసముద్రం:
ఎవరు తమ్మీ ఇంగ్లీషు మీడియం? నాది నార్కట్‌పల్లి పక్కన పల్లె, నేనూ తెలుగు మీడియమే. మొదటి పుస్తకం హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాను, వెనక అట్ట లేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకు మూడు పేజీలు. పేజీ అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న తెలుగు అర్థాలు ఇప్పటికీ ఉన్నాయి, 'ఆన్విల్' పక్కన 'దాగలి' అని, కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. మొదటి పుస్తకానికే 14 నెలలు పట్టింది. అంత కష్టపడి దాచుకున్నదాన్ని నువ్వు ఫోన్‌లో, తెలుగులో, పడుకుని చూసి ఏడ్చానంటే నాకు కాలింది. అవును, కాలింది. నువ్వన్నదాంట్లో సగం నిజం.

పాలమూరు పోరడు:
ఏ సగం?

మిర్యాలగూడ అక్క:
ఆగండి, నాదొక అనుమానం. నేను పద్నాలుగూ చదివాను, పిల్లలు పడుకున్నాక. జోర్డాన్ 2007లో పోయాక చివరి మూడూ బ్రాండన్ శాండర్సన్ పూర్తి చేశాడు, ఆఖరిది 2013లో వచ్చింది. పదమూడో పుస్తకంలో పెరిన్ కొలిమి దగ్గర నిలబడి తన సుత్తి తానే చేసుకుంటాడు చూడు, వాడి కథకు అదే గుండెకాయ. పొద్దుట్నుంచి పెరిన్, పెరిన్ అంటున్నావు, కమ్మరి అన్నావు, దాగలి అన్నావు, ఆ సుత్తి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదేం నాయనా?

నాగార్జున గాలి:
అయ్యో.

పాలమూరు పోరడు:
సార్? ఆన్‌లైన్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది.

ఉదయసముద్రం:
పదో పుస్తకంలో ఉన్నాను. 2022 నుంచి ఉన్నాను. అందులో ఎంతకీ ఏమీ జరగదక్కా.

మిర్యాలగూడ అక్క:
జరగదు. పళ్లు బిగబట్టి దాటెయ్, పదకొండు పరుగెత్తుతుంది.

పాలమూరు పోరడు:
అంటే మనిద్దరం పూర్తి చేయనోళ్లమే. ఆ నాలుగో పుస్తకం ఉంటే ఇవ్వండి, పెన్సిల్ రాతలు ఉన్నదే కావాలి.

ఉదయసముద్రం:
ఇవ్వను. వచ్చి నా ముందు కూర్చుని చదువు.