‘వెలి చూపు’లో ఉన్నది ఏ చూపు?

యౌవనస్థుల కూటంలో ఒక అబ్బాయి బైబిల్లోని రెండో కొరింథీ పత్రిక 5:7 బయటికి చదువుతూ “వెలుగు చూపువలన కాక విశ్వాసము వలననే నడుచుకొనుచున్నాము” అనేశాడు. అచ్చుతప్పేమో అనుకుని తనే సరిదిద్దాడట. ‘వెలుగు’ కాదు బాబూ, ‘వెలి’ అన్నాను. “వెలి అంటే ఏంటండీ?” అని అడిగాడు. బయట అని చెప్పాను. “మరి లోపలి చూపు కూడా ఉంటుందా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా విడమరిచి చెప్తారా?

— మీరు చెప్పిన అర్థం సరైనదేనండీ. వెలుపల, వెలివేత, వెలివాడ, అన్నిట్లోనూ ఉన్నది ఈ వెలే. అసలు చిక్కు ‘చూపు’ దగ్గర ఉంది. ఈ మాట తెలుగులో రెండు వైపులా పనిచేస్తుంది. “అమ్మకి చూపు ఆనడం లేదు” అన్నప్పుడు అది చూసే శక్తి. “చూపులకు అమాయకంగా ఉంటాడు గానీ గట్టివాడు” అన్నప్పుడు కనబడే తీరు. ఈ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు వాడిన గ్రీకు మాట ‘ఎయిదోస్’ ప్రధానంగా రెండోదే: రూపం, ఆకారం. కొత్త నిబంధనలో అది అయిదు చోట్లే వస్తుంది. పావురంలా ఆత్మ దిగినప్పుడు మన పాత అనువాదంలో ‘శరీరాకారము’ అయింది, కొండమీద యేసు ముఖం మారినప్పుడు ‘ముఖరూపము’, యోహాను 5:37లో ‘స్వరూపము’. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో “ప్రతి విధమైన కీడు” అన్నచోట ‘విధము’. అయిదోది మీరు అడిగిన ‘వెలి చూపు’. ఒక్క మాటకి అయిదు తెలుగు మాటలు! నాకైతే అన్నిట్లోకీ ఇదే బాగా నచ్చుతుంది. చూసే కన్నూ కనబడే రూపమూ రెండూ ఇందులో ఇమిడిపోయాయి.

— అయితే మనుషుల్ని పైకి చూసి అంచనా వెయ్యొద్దు అనే కదా అర్థం? మా ప్రసంగాల్లో దీనికి సమూయేలు ప్రవక్త ఏలీయాబు రూపం, ఎత్తు చూసి ఇతనే కాబోయే రాజు అనుకుని పొరబడిన కథ జోడిస్తారు.

— ఆ కథ మంచిదే గానీ ఇక్కడ అతకదండీ. దానికి తగిన వచనం ఇదే అధ్యాయంలో 12వది. అక్కడ పౌలు వాడిన మాట వేరు, ‘ప్రోసోపోన్’, అంటే ముఖం. మన అనువాదంలోనూ ‘పైరూపము’ అనే ఉంది. సమూయేలు మొదటి గ్రంథం 16:7లో ఉన్నదీ పైరూపమే. 5:7 దగ్గర పౌలు సాటి మనుషుల గురించి మాట్లాడటం లేదు. ఈ దేహంలో ఉన్నంతకాలం ప్రభువుకి దూరంగా ఉన్నాం అంటున్నాడు. ఆయన రూపం ఇప్పుడు మన కళ్లెదుట లేదు, అయినా ధైర్యంగా ఉన్నాం అని. అధ్యాయం మొదట్లో దేహాన్ని గుడారంతో పోల్చాడు. డేరాలు కుట్టి బతికినవాడు కదా, ఆ గుడ్డ ఎన్నాళ్లు ఆగుతుందో ఆయనకి తెలియనిదా!

ఇంకో సంగతి. ఈ వచనానికి “కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టు” అని పోలిక చెప్తుంటారు. నాకది రుచించదు. ఇక్కడ ఉన్నది నడుచుట కాదు, నడుచుకొనుట. “పెద్దల మాట విని నడుచుకో” అంటామే, అదీ. గ్రీకులో ‘పెరిపతేయో’ అంటే మామూలుగా నడవడమే, కానీ హెబ్రీ పలుకుబడిని అనుసరించి పౌలు దాన్ని బతికే తీరుకి వాడతాడు. తెలుగులో నడత, నడవడి ముందే ఉన్నాయి కాబట్టి అనువాదకుడికి పెద్ద కష్టం పడాల్సిన పని లేకపోయింది.

— ‘విశ్వాసము’ మాటేంటి? మేం కుక్కకి విశ్వాసం ఎక్కువ అంటాం. అది నమ్మకం కాదుగా.

— భలే పట్టుకున్నారు. గ్రీకు ‘పిస్తిస్’కీ రెండర్థాలూ ఉన్నాయి, నమ్మడమూ నమ్మకంగా ఉండడమూ. ఈ వచనంలో మొదటిదే ముందు నిలబడుతుంది.

— అందరికీ ధన్యవాదాలండీ. ఒక్క సందేహం మిగిలింది. పిల్లలు ‘వలన’ని ‘కారణంగా’ అని చదువుకుంటున్నారు. “విశ్వాసం కారణంగా నడుచుకుంటున్నాం” అంటే ఏదో తేడాగా ఉంది.

— తేడాయే. ఇవాళ మనం “వానల వలన పంట పోయింది” అని కారణానికే ఎక్కువగా వాడుతున్నాం. ఇక్కడ గ్రీకులో ఉన్నది ‘దియా’, దాని ద్వారా, దాని ఆధారంతో అని. చిన్నప్పుడు వల్లించిన విభక్తులు గుర్తుచేసుకోండి: “వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి.” ఆ వరసలో చివరిదే పనికొస్తుంది. “కంటికి కనబడేదాన్ని బట్టి కాదు, విశ్వాసాన్ని బట్టే నడుచుకుంటున్నాం.”

— ‘బట్టి’ సరిగ్గా కుదిరింది. రేపు కూటంలో ఇలాగే చెప్తాను. వచనం మాత్రం పాత పాఠమే చదివిస్తాను, ‘వెలి’ పక్కన పెన్సిల్‌తో ‘బయటి’ అని రాసుకోమని. ఆ అబ్బాయి ఇప్పటికే ‘గు’ ఒకటి ఇరికించి రాసేసుకున్నాడు, ముందు అది చెరిపించాలి.