బియర్డీ చలికాలంలో తిండి మానేస్తే: బ్రూమేషన్‌కి (చలికాలపు నిద్రకి) వదిలేయాలా, లైట్లతో ఆపాలా?

ఎర్రమట్టి (సిడ్నీ)

ఏడాదిన్నర దాటిన బియర్డెడ్ డ్రాగన్ (బియర్డీ అని పిలిచే పెంపుడు బల్లి) తిండి తగ్గించి చల్లటి మూలకి పోయి పడుకుందంటే చాలు, "వేడి కాచుకునే బాస్కింగ్ బల్బు పెంచండి, లైట్లు 14 గంటలు వెయ్యండి, లేపి తినిపించండి" అంటూ సలహాలు మొదలవుతాయి. నేను దీనికి వ్యతిరేకం. నా వాదన చెబుతాను, కాదనేవాళ్ళు కాదనండి.

ఈ బల్లి (శాస్త్రీయ నామం పోగోనా విట్టిసెప్స్) పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో జూలై సగటు చూస్తే పగలు 20 డిగ్రీలు, తెల్లవారుజామున 4 డిగ్రీలు. ఆ వేడికి తిన్న పురుగు అరగదు. అందుకే ముందే తిండి ఆపి, దుంగ కిందో బొరియలోనో దూరి, ఒంట్లో కొవ్వు మీద కాలక్షేపం చేస్తుంది. పగటి పొడుగు తగ్గగానే పెంపుడువీ ఇదే మొదలుపెడతాయి, కొన్నయితే లైట్లు మార్చకపోయినా సరే. అలాంటిదాన్ని రోజూ లేపి బల్బు కింద కూర్చోబెట్టి నోట్లో కుక్కితే దానికి బెదురు తప్ప మిగిలేదేమీ లేదు.

పద్ధతి ఇది. ముందు పేడ పరీక్ష. తర్వాత 10 నుంచి 14 రోజులు తిండి బంద్, వేడి మాత్రం పూర్తిగా ఉండాలి, ఎందుకంటే కడుపు ఖాళీ కావాలి. పేడ వేసేదాకా వేడి తగ్గించకండి. లోపల మిగిలిన పురుగు చల్లబడ్డాక అరగదు, కుళ్ళుతుంది. కడుపు ఖాళీ అయ్యాక రెండు వారాల్లో లైట్లు 12 గంటల నుంచి 10కి, 8కి దించి చివరికి బల్బు, యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) రెండూ ఆపేయాలి. గది 15 నుంచి 18 డిగ్రీల్లో నిలకడగా ఉండాలి. నీళ్ళ గిన్నె ఉంచండి. వారానికోసారి గ్రాముల కాటాలో తూచండి. ఆరు వారాల నుంచి మూడు నెలల్లో అదే లేస్తుంది.

శ్రీను_డాలస్

ఎర్రమట్టి గారూ, పద్ధతి బాగానే రాశారు. అసలు అది ఎందుకు చెయ్యాలన్నదే నా ప్రశ్న.

అడవిలో జరిగేదంతా ట్యాంకులో జరిగి తీరాలని ఎక్కడా లేదు. అడవిలో దానికి పేగుల్లో పురుగులుంటాయి, గద్ద ఎత్తుకుపోతుంది, అవి కూడా సహజమే కదా. బ్రీడర్లు చల్లబరుస్తారంటే దానికి లెక్క ఉంది: ఆడా మగా ఒకే సమయానికి జత కట్టడానికి సిద్ధం కావాలి. ఇంట్లో ఒంటిగా ఉండే మగదానికి ఆ అవసరమే లేదు. పైగా ఆస్ట్రేలియా తన అడవి జంతువుల్ని వ్యాపారానికి బయటికి పంపదు. అమెరికాలో, ఇండియాలో ఉన్నవన్నీ తరాల తరబడి ట్యాంకుల్లో పుట్టినవే.

నా అసలు భయం వేరు. ఈ జీవికి ఏ జబ్బు చేసినా మొదటి రెండు లక్షణాలూ ఒకటే: తినదు, పడుకుంటుంది. కాక్సిడియా, పిన్‌వర్మ్‌లు (రెండూ పేగుల్లో పరాన్నజీవులు), అడినోవైరస్, కిడ్నీ దెబ్బతినడం, కాల్షియం లోటు, ఆడదైతే గుడ్లు ఇరుక్కోవడం, అన్నీ బయటికి ఇలాగే కనపడతాయి. "బ్రూమేషన్ అయ్యుంటుంది" అని సర్దిచెప్పుకుంటే వైద్యానికి పనికొచ్చే నెల కాస్తా పోతుంది. అందుకే నేను చెప్పేది ఇది: బాస్కింగ్ చోట నేల వేడి 38 నుంచి 42 డిగ్రీలు, లైట్లు 12, 13 గంటలు, యూవీబీ ట్యూబు కొత్తది. ఇవన్నీ ఉండి కూడా తినకపోతే అప్పుడు డాక్టరు. చాలావాటికి ట్యూబు మార్చగానే ఆకలి తిరిగొస్తుంది.

ఎర్రమట్టి (సిడ్నీ)

పరీక్ష ముందే చేయించమని నేనూ రాశాను, మూడో పేరా మొదట్లో చూడండి. నా అభ్యంతరం మీ "ఆపడం" మీద. లైట్లు వెలుగుతుంటే అది గూట్లోనే ఉంటుంది, బయటికి రాదు. అప్పుడేం చేస్తారు, గూడు తీసేస్తారా?

శ్రీను_డాలస్

గూడు తియ్యను. వారం చూస్తాను, తూస్తాను.

వెట్_పద్మజ

ఇద్దరూ సగం సగం సరే. కానీ ఇద్దరి మధ్య తేడా మనసులో లేదు, గోడల్లో ఉంది. సిడ్నీలో చాలా ఇళ్ళకి సెంట్రల్ హీటింగ్ ఉండదు, జూలైలో గది దానంతటదే 15కి దిగుతుంది. డాలస్‌లో థర్మోస్టాట్ 21 దగ్గర నిలుస్తుంది. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో చెబుతాను.

బల్లిజాతి ఒంటి ఖర్చు వేడిని బట్టి ఉంటుంది. ప్రతి 10 డిగ్రీలకీ సుమారు రెండు నుంచి మూడు రెట్లు పెరుగుతుంది. 16 డిగ్రీల్లో పడుకున్నది చాలా తక్కువ ఖర్చు చేస్తుంది. 26 డిగ్రీల్లో పడుకున్నది తినడం లేదు, కానీ ఖర్చు మాత్రం రెండు మూడు రెట్లు. నిద్రకి వేడెక్కువ, అరుగుదలకి వేడి చాలదు. కొవ్వు కరిగిపోవడం, నీరు చాలక కిడ్నీలు దెబ్బతినడం నాకు ఎక్కువగా కనపడేది ఈ మధ్యరకం ట్యాంకుల్లోనే. చల్లగా పడుకోబెట్టండి, లేదా పూర్తి వేడిలో ఉంచండి. 22 నుంచి 28 డిగ్రీల్లో, సగం లైట్లతో, నెలల తరబడి ఊరికే వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

అసలు ఎవర్ని చల్లబరచకూడదో కూడా చెబుతాను. ఏడాది నిండనివి: వాటికి నిల్వ కొవ్వు లేదు, పిల్ల తినడం మానేస్తే అది జబ్బు కిందే లెక్క. తల మీద, కళ్ళ వెనక కొవ్వు మెత్తలు గుంట పడినవి. గత కొన్ని నెలల్లో జబ్బు చేసినవి. ఇంకో రకం జనం పట్టించుకోరు: సూపర్‌వర్మ్‌లు (కొవ్వెక్కువ ఉండే మేత పురుగులు) తిని పీపాలా తయారైనవి. కొవ్వుంది కదా నెలలు ఉండగలదనుకుంటారు. అంత కొవ్వు ఒక్కసారిగా కరగడం మొదలైతే లివర్‌కి ఎక్కుతుంది.

ఆడవాటి విషయంలో ఇంకో మెలిక. మగది లేకపోయినా గుడ్లు పెడతాయి. కడుపు ఉబ్బి, రెండు పక్కలా గోళీల్లా తగులుతుంటే, మూలల్లో గోకుతూ తవ్వుతుంటే అది నిద్ర కాదు. 25 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక, మట్టి కలిపి డబ్బా పెట్టండి. తవ్వుతూనే ఉండి రెండు మూడు రోజుల్లో పెట్టకపోయినా, తవ్వడం మానేసి నీరసించినా ఎక్స్‌రే తప్పదు.

మియాపూర్_సరీసృపం

పద్మజ గారు చెప్పినదాని ప్రకారం హైదరాబాద్‌లో బ్రూమేషన్ అనేది చాలావరకు కుదరని పని. డిసెంబర్‌లో బయట రాత్రి 15 ఉంటుంది, పగలు 28. అపార్ట్‌మెంట్ లోపల 22కి తగ్గదు. విజయవాడ, వైజాగ్‌లో అదీ లేదు. ఏసీని రాత్రింబవళ్ళు 16లో రెండు నెలలు నడిపేవాళ్ళుంటే చెప్పండి, కరెంటు బిల్లు చూసి నేను బ్రూమేషన్‌లోకి పోతాను. కాబట్టి మన దగ్గర శ్రీను గారి దారే మేలు: పూర్తి వేడి, పూర్తి లైటు, తక్కువ తిండి. చలికాలంలో పెద్దది రెండు రోజులకోసారి ఆకులు, వారానికి ఐదారు పురుగులు తిని ఊరుకుంటే అది లోటు కాదు.

వేడి కొలవడం గురించి ఒక మాట. గాజుకి అంటించే గుండ్రటి డయల్ మీటర్లు నమ్మకండి. అవి గాలి వేడి చెబుతాయి, అదీ సరిగ్గా చెప్పవు. ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసుకుని, బల్బు వేసిన గంట తర్వాత, బల్లి పడుకునే రాయి మీద నేరుగా కొట్టి చూడండి.

కూకట్‌పల్లి_బియర్డీ

అన్నలూ, అక్కా, ఇదంతా చదివిన. నాది మగది, రెండేండ్లది. నెల కిందట 410 గ్రాములు, ఇయ్యాల 386. మూడు వారాల నుంచి పురుగులు ముడ్తలేదు, ఆకు రెండు మూడు ముక్కలు తింటది. పొద్దంతా హైడ్‌లనే (దాక్కునే గూట్లనే) ఉంటది. కండ్లు మంచిగనే ఉన్నయి, పట్టుకుంటే గట్టిగనే తన్నుతది. డయల్ మీటర్‌ల 38 చూపిస్తది. ట్యూబు వెలుగుతనే ఉంది. ఇది బ్రూమేషనేనా? ఏం జెయ్యాలె?

వెట్_పద్మజ

24 గ్రాములు పోయాయి, అంటే 6 శాతం లోపే. బరువులో 10 శాతం పోతే ప్రమాదమనే గీత మీకు 369 దగ్గర వస్తుంది. ఆ గీత దాకా ఆగమని కాదు నా ఉద్దేశం, నెలలో 6 శాతం అంటే వేగం ఎక్కువే. చల్లగా నిజంగా నిద్రపోయేది ఇంత త్వరగా తగ్గదు. మీ ట్యాంకు నేను చెప్పిన మధ్యరకంలో ఉందని నా అనుమానం. మూడు చెప్పండి: గన్‌తో రాయి మీద ఎంత? ట్యూబు ఎప్పుడు కొన్నది, మెష్ (ట్యాంకు మూత జాలీ) పైన ఉందా కింద ఉందా? చివరి పేడ ఎప్పుడు వేసింది, గట్టిదా, నీళ్ళగానా?

శ్రీను_డాలస్

తమ్ముడూ, ట్యూబు వెలుగుతోందంటే యూవీబీ వస్తోందని కాదు. కంటికి కనపడే వెలుగు ఏళ్ళు వస్తుంది, యూవీబీ ముందే పడిపోతుంది. టీ5 (సన్న రకం) ట్యూబు అయినా ఏడాదికి మార్చాలి, లేదా మీటర్‌తో కొలవాలి. బాస్కింగ్ చోట వీపు ఎత్తులో యూవీఐ (యూవీ తీవ్రత కొలత) 3 నుంచి 5 మధ్య ఉండాలి. సన్న మెష్ పైన పెడితే మూడో వంతు దాకా అక్కడే ఆగిపోతుంది.

ఈలోపు నోరు తెరిచి కుక్కడం లాంటివి చెయ్యకండి. గోరువెచ్చని నీళ్ళలో మోచేతుల ఎత్తున 15 నిమిషాలు ఉంచండి, చాలు.

ఎర్రమట్టి (సిడ్నీ)

ఆ స్నానం దేనికి? వెనక దారి నుంచి నీళ్ళు పీలుస్తుందనే పాత పుకారు ఇంకా పోలేదన్నమాట. అది నోటితోనే తాగుతుంది. ముక్కు కొస మీద డ్రాపర్‌తో చుక్కలు వెయ్యండి, నాకుతుంది. పడుకున్నదాన్ని తడిపి చల్లటి గూట్లో పెడితే ఊపిరితిత్తులకి చేటు.

శ్రీను_డాలస్

పీలుస్తుందని నేననలేదు. స్నానంలో చాలావి తల వంచి తాగుతాయి, అక్కడే పేడ వేస్తాయి. శాంపిల్ దొరుకుతుంది కదా. ఆరబెట్టి, బల్బు కింద వదిలితే చాలు. నిజంగా చల్లబరిచిన దానికి వద్దంటే ఒప్పుకుంటా.

కూకట్‌పల్లి_బియర్డీ

దోస్తు దగ్గర గన్ తెచ్చి చూసిన. రాయి మీద 33. ట్యూబు పోయినేడు సెప్టెంబర్‌ల కొన్న, మెష్ మీదనే ఉంది. పేడ తొమ్మిది రోజుల కింద, గట్టిగనే ఉండె. అయితే ఇది బ్రూమేషన్ కాదా మరి?

వెట్_పద్మజ

కావచ్చు, కాకపోవచ్చు. 33 దగ్గర ఆరోగ్యంగా ఉన్నదీ తినడం తగ్గిస్తుంది, కాబట్టి ఇప్పుడు పేరు పెట్టలేం. ముందు ట్యాంకు సరిచేయండి.

రాయి మీద 40 వచ్చేదాకా బల్బు ఎత్తు తగ్గించండి, లేదా వాట్ పెంచండి. బల్లికీ బల్బుకీ మధ్య కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి, తగిలితే వీపు కాలుతుంది. చల్లటి వైపు 25 దగ్గర ఉంటే మంచిది. రాత్రి ఏ బల్బూ వద్దు, ఎరుపు రంగుదైనా సరే. కొత్త ట్యూబు మెష్ కిందికి మార్చండి. అలా మార్చినప్పుడు దూరం మళ్ళీ చూసుకోండి, దగ్గరైతే కళ్ళు మూసుకుపోతాయి. లైట్లు 12 గంటలు. ఇలా పది రోజులు. మొదటి మూడు రోజులు పురుగులు వద్దు, కడుపు వేడెక్కి పాత పేడ బయటికి రానివ్వండి.

ఆ పేడ తీసి జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి 24 గంటల్లోపు ల్యాబ్‌కి ఇవ్వండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి. కుక్కల పేడ చూసే ల్యాబ్ అయినా ఫ్లోటేషన్, డైరెక్ట్ స్మియర్ (పేడలో పరాన్నజీవుల్ని మైక్రోస్కోపులో వెతికే పద్ధతులు) రెండూ చెయ్యమని అడగండి, బల్లిదని చెప్పండి. పిన్‌వర్మ్ గుడ్లు నాలుగైదు కనపడితే కంగారు వద్దు, చాలా ఆరోగ్యమైనవాటిలోనూ ఉంటాయి. కాక్సిడియా కనపడితే బరువు తగ్గుతున్న దానికి మందు కావాలి. డోసు బరువును బట్టి డాక్టరే వెయ్యాలి, ఇక్కడ అడగకండి.

మియాపూర్_సరీసృపం

ఆకలి వస్తే మొదట ఆకులు. మునగాకు సన్నగా తరిగి, దాని మీద మందారపువ్వు రెండు రేకలు వేస్తే మొండివీ నోరు తెరుస్తాయి. పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఆక్సలేట్ ఎక్కువ, రోజూ వద్దు. తర్వాత పట్టుపురుగులు దొరికితే మంచివి, మెత్తగా ఉంటాయి. కానీ రైతు షెడ్డు నుంచి తెస్తే పురుగుల మీద ఏ మందు పొడి చల్లారో ముందు అడగండి. మిణుగురుల్ని మాత్రం ట్యాంకు దరిదాపులకి రానివ్వకండి, ఒక్కటి మింగినా బియర్డీ చచ్చిపోతుంది.

ఎర్రమట్టి (సిడ్నీ)

పది రోజులయ్యాక, రాయి 40లో ఉండగా కూడా అది లేచి హైడ్‌లోకే పోతే? అప్పుడైనా దాన్ని పడుకోనివ్వండి అంటాను.

శ్రీను_డాలస్

పేడ రిపోర్టు, రక్తపరీక్ష శుభ్రంగా వచ్చి, గది 18కి దించగలిగితే పడుకోనివ్వండి. కూకట్‌పల్లిలో అది కుదరదు కాబట్టి లైట్లు ఆర్పొద్దని నా మాట.

ఎర్రమట్టి (సిడ్నీ)

గది సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

వెట్_పద్మజ

కూకట్‌పల్లి తమ్ముడూ, వీళ్ళిద్దరూ తేల్చుకునేదాకా ఆగకండి. నాలుగు రోజులకోసారి పొద్దున్నే, లైట్లు వెయ్యకముందు, ఒకే కాటా మీద తూచండి. 378 కిందికి దిగినా, నోట్లో తీగలు సాగే జిగురు కనపడినా, బాస్కింగ్‌లో లేనప్పుడు నోరు తెరిచి ఊపిరి తీసినా, వేళ్ళు అదిరినా పది రోజులు చూడొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి. తీసుకెళ్ళేటప్పుడు అట్టపెట్టెలో గుడ్డ పరిచి, గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసా ఒక మూల పెట్టండి. ట్యాంకు ఫోటోలు, గన్ రీడింగులు, బరువులు రాసిన కాగితం కూడా డాక్టరుకి చూపించండి.