ఫామ్ షాపులో రెట్టింపు ధర పెడుతున్నాం, అది రైతుకు చేరుతోందా?

చందానగర్ గృహిణి

శంకర్‌పల్లి రోడ్డులో తోట పక్కనే ఒక ఫామ్ షాపు ఉంది. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్తుంటాం. అప్పుడే కోసిన పాలకూర, చుక్కకూర, నాటు టమాటా, జామకాయలు దొరుకుతాయి. గేటు మీద "రైతు నుంచి నేరుగా మీ ఇంటికి" అని బోర్డు ఉంటుంది. ధరలు మాత్రం రైతు బజారుకు దాదాపు రెట్టింపు. ఎక్కువ పెట్టింది రైతుకే వెళ్తుందన్న నమ్మకంతో బేరమాడకుండా కొంటున్నాను.

మా అత్తగారు ఒప్పుకోరు. "రైతు మీద అంత ప్రేముంటే రైతు బజారుకు పో. గంప ముందు కూర్చున్న మనిషి చేతిలోనే డబ్బులు పెట్టు" అంటారు. ఇంట్లో వారం వారం ఇదే వాదన. కూరగాయలు మరీ చవగ్గా కావాలనుకుంటే ఆ భారం పండించేవాడి మీదే పడుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు? పండించేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే అసలు లెక్క చెప్పండి.

బోరబండ నుంచి

అక్కా, మీ మనసు మంచిదే. కానీ "రైతును ఆదుకోవాలంటే ఎక్కువ ధర పెట్టాలి" అనే మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. మా ఇంట్లో ఐదుగురం, సంపాదించేది ఒక్కరు. వారానికి కూరగాయలకు ఇంత అని లెక్క పెట్టుకుని ఎర్రగడ్డ రైతు బజారుకు పోతాం, అది కూడా జనం తగ్గాక, ధర కాస్త దిగాక. మాలాంటి వాళ్ళం రైతుకు ఏమీ చేయనట్టేనా? ఈ నగరంలో కూరగాయల్లో ఎక్కువ భాగం కొనేది మేమే. కారులో పోయి కొనేవాళ్ళతో రైతు బతుకు నడవదు.

మార్కెటింగ్ శాఖ విశ్రాంత ఉద్యోగి

బోరబండ సోదరుడు చెప్పినదాంట్లో బలం ఉంది. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలైనప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. పంజాబ్, హర్యానాల్లో అప్పటికే ఉన్న "అప్నీ మండీ"లాంటి ఆలోచనే ఇది. ఏ ఊళ్ళో ఎవరు ఏ కూరగాయ వేశారో పొలానికి వెళ్ళి చూసి గుర్తింపు కార్డులు ఇచ్చేవారు. రైతు దగ్గర మార్కెట్ ఫీజు తీసుకోలేదు. కాటా ఉచితంగా ఇచ్చారు. గంపలు పెట్టుకోవడానికి వీలుగా ఆర్టీసీ బస్సులు కూడా నడిపారు.

బోర్డు మీది ధరకూ ఒక పద్ధతి ఉంది. హోల్‌సేల్ ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ ఉండేలా రాయాలి. మధ్యవాళ్ళకు పోయేదాన్ని రైతు, కొనేవాడు చెరికొంత పంచుకోవాలన్నది ఉద్దేశం. అంటే అమ్మా, అక్కడ తక్కువ ధరకు కొన్నంత మాత్రాన రైతు కడుపు కొట్టినట్టు కాదు. కొనేవాడికి తగ్గిస్తూనే అమ్మేవాడికి పెంచడం సాధ్యమని ఆ రోజుల్లో కళ్ళారా చూశాం.

మియాపూర్ ఐటీ ఉద్యోగి

సార్, ఆ రోజుల సంగతి సరే, ఈ రోజు ఏముందో చూడండి. మా దగ్గర్లోని రైతు బజారులో నాలుగు వరుసలుంటే మూడింట్లో క్యాప్సికం, క్యారెట్, బీన్స్, బీట్‌రూట్ అన్నీ ఒకే మనిషి అమ్ముతాడు. ఏ రైతు తన పొలంలో ఒకేసారి పన్నెండు రకాలు పండిస్తాడు? తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్లో కొనుక్కొచ్చి ఇక్కడ పోస్తున్నారు. ఫామ్ షాపులో కనీసం తోట కళ్ళ ముందు కనిపిస్తుంది.

చేవెళ్ల రైతు

మియాపూర్ అన్న చెప్పింది కొంత నిజం. కానీ ఆ స్థలంలోకి వేరేవాళ్ళు ఎందుకు వచ్చారో ఎవరూ అడగరు. నేను చెప్తా.

మాకు చేవెళ్ల దగ్గర బోరు కింద రెండెకరాలు. టమాటా, బీర, కొత్తిమీర వేస్తాం. మధ్యాహ్నం నుంచి కోత. చీకటి పడ్డాక ట్రాలీ ఆటోలో బోయిన్‌పల్లికో గుడిమల్కాపూర్‌కో పోతాం. తెల్లవారకముందే వేలం అయిపోతుంది. తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, చేతికి వచ్చేసరికి కమీషన్, హమాలీ పోయి ఉంటాయి. బండి కిరాయి వేరే. రైతు బజారుకు పోతే ఈ కటింగ్‌లు లేవు, ఒప్పుకుంటా. కానీ అక్కడ ఒక మనిషి పొద్దంతా కూర్చోవాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఒకరు బజారులో కూర్చుంటే కూలోళ్ళ వెంట ఎవరుండాలి, నీళ్ళెవరు పెట్టాలి, మందెవరు కొట్టాలి? ఎకరం, రెండెకరాల కూరగాయ రైతుకు రోజూ పనే. కార్డు ఉన్నా పోలేకపోవడానికి కారణం ఇదే. మేము వదిలిన జాగాలో వాళ్ళు కూర్చున్నారు.

ఇక ఫామ్ షాపులు. మా దగ్గరా కొంటారు. మార్కెట్ ధర కంటే కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువే ఇస్తారు. తూకం సరిగ్గా ఉంటుంది, హమాలీ ఉండదు. అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. కానీ ఏరి తీసుకుంటారు. ఇరవై బాక్సులు కోస్తే వాళ్ళకు కావలసిన సైజు, రంగు ఉన్నవి నాలుగు బాక్సులు. మిగతా పదహారు బోయిన్‌పల్లికే పోవాలి. మంచి కాయ అంతా ఏరేసిన సరుకును వేలంలో పెడితే ధర ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి. నాలుగు బాక్సుల మీద పెరిగింది పదహారు బాక్సుల మీద పోయిన రోజులున్నాయి. నున్నగా, ఒకే సైజులో ఉన్న టమాటానే కావాలని షాపులో మీరు ఏరుకుంటారు కాబట్టి షాపువాళ్ళు మా దగ్గర ఏరుతారు. రైతుకు మేలు చేయాలని ఉంటే ముందు వంకర కాయ కొనండి.

రాజేంద్రనగర్ వ్యవసాయ విద్యార్థి

చేవెళ్ల అన్న చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను. 2024 అక్టోబరులో వచ్చిన రిజర్వ్ బ్యాంకు వర్కింగ్ పేపర్ ప్రకారం మనం పెట్టే రూపాయిలో టమాటా రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. ఇవి దేశం మొత్తం మీద అంచనాలు.

అయితే శాతం ఒక్కటే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. 2023 జులైలో హైదరాబాద్‌లో టమాటా కిలో వంద దాటింది. అదే ఏడాది సెప్టెంబరుకల్లా కర్నూలు వైపు కోత కూలి కూడా రాని ధరకు పడిపోయింది. జులైలో రూపాయికి 33 పైసలు వచ్చినా రైతు బాగుపడ్డాడు. సెప్టెంబరులో 70 పైసలు వచ్చినా మునిగేవాడే. రైతును ముంచేది ఈ ఊగిసలాట. కాబట్టి ఏ దుకాణాన్నయినా అడగాల్సింది "శాతం ఎంత" అని కాదు, "ధర పడినప్పుడు కూడా ముందు చెప్పిన రేటుకే కొంటారా?" అని.

ఉప్పల్‌లో చిన్న షాపు నడుపుతున్నాను

అందరూ మమ్మల్నే అంటున్నారు కాబట్టి జవాబు చెప్పాలి. యాచారం, మంచాల వైపు రైతుల నుంచి తెచ్చి అమ్ముతాం. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు పడేయాల్సిందే. ఆ నష్టం మాదే, రైతుకు ముందే కట్టేస్తాం. పెద్ద బండి నిండా టమాటా బాక్సులు వేస్తే కిలోకు పడే కిరాయి వేరు, మేము పది రకాలు కొంచెం కొంచెం తెచ్చే బండికి పడేది వేరు. షాపు అద్దె, ఇద్దరు మనుషుల జీతాలు కూడా అందులోంచే. మీరు పెట్టే రూపాయిలో సగానికి కాస్త ఎక్కువ రైతుకు పోతుంది. మిగతాది లాభం అనుకోకండి.

ఇంకో మాట. కూరగాయల మీద కంటే కొర్రలు, సామలు, కందిపప్పు, పసుపు మీద మేము రైతుకు బాగా ఎక్కువ ఇవ్వగలుగుతున్నాం. అవి కుళ్ళవు, తొందరపడి అమ్మక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి చిరుధాన్యాల మీద నిలబడ్డాయంటే ఇదీ ఒక కారణమని నా నమ్మకం. వాళ్ళకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఫామ్ షాపుకు వచ్చి టమాటా మీద ధర అడిగి వెళ్ళిపోయేవాళ్ళు ఒక్కసారి పప్పుల వైపు కూడా చూడండి.

మియాపూర్ ఐటీ ఉద్యోగి

రైతుకు ఎంత ఇచ్చారో ధర పక్కనే రాసి పెట్టొచ్చు కదా?

ఉప్పల్‌లో చిన్న షాపు నడుపుతున్నాను

కొన్నిటికి రాశాం. "రైతుకు 22 ఇచ్చి మాకు 40కి అమ్ముతారా" అని గొడవ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అయినా తీసేయలేదు.

మొయినాబాద్ నుంచి

ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. తోట కనిపిస్తే అది రైతు తోటే అని ఎట్లా అనుకుంటున్నారు?

మాది జీవో 111 ప్రాంతం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో తెచ్చిన ఆ జీవో కింద 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలుండేవి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో వాటిని సడలించారు. అంతకు చాలా ముందు నుంచే మా చుట్టూ భూములు నగరంలోని వాళ్ళ చేతుల్లోకి పోయి ఫామ్‌హౌస్‌లు అయ్యాయి. ఎకరం కోట్లు పలికే చోట కొత్తిమీర పండించి ఎవరు భూమి కొంటారు? మా దగ్గర మీరు చూసే తోటల్లో కొన్నింటికి యజమాని జూబ్లీహిల్స్‌లో ఉంటాడు, పని చేసేది నెల జీతానికి. అక్కడ మీరు పెట్టే రెట్టింపు ధర ఆయనకే. అది తప్పని నేను అనను. కానీ దాన్ని రైతుకు సాయం అనకండి.

నిజంగా పండించేవాళ్ళలో కౌలుదార్లు చాలామంది. 2018లో మొదలైన రైతుబంధు డబ్బులు పట్టాదారుకే వచ్చాయి, కౌలుదారుకు రాలేదు. మీ ఫామ్ షాపులో "ఈ సరుకు ఎవరు పండించారు, సొంత భూమా, కౌలా?" అని అడిగి చూడండి. చెప్పగలిగితే వాళ్ళకు రైతులు తెలుసు. చెప్పలేకపోతే వాళ్ళకు మార్కెట్ మాత్రమే తెలుసు.

కూకట్‌పల్లి తల్లి

నేను ఫామ్ షాపుకు పోయేది పిల్లల కోసం, మందులు లేని కూర కోసం. "ఆర్గానిక్" అని రాస్తే నమ్మొచ్చా?

రాజేంద్రనగర్ వ్యవసాయ విద్యార్థి

ప్యాకెట్ మీద జైవిక్ భారత్ అనే ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు ఉందేమో చూడండి. దాని వెనుక రెండు దారులు ఉంటాయి. ఒకటి ఎన్‌పీవోపీ, అంటే గుర్తింపు ఉన్న సంస్థ తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్. రెండోది పీజీఎస్ ఇండియా, అంటే రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న రైతు తన పంటను నేరుగా మీకు అమ్మితే సర్టిఫికెట్ అక్కర్లేదు. కాబట్టి గుర్తు లేని ప్రతి రైతూ మోసం చేస్తున్నాడని కాదు. అలాంటప్పుడు పొలం చూపించమని అడగండి.

చందానగర్ గృహిణి

అందరికీ ధన్యవాదాలండీ. నిన్న ఫామ్ షాపులో అడిగాను. ఆకుకూరలు, జామ వాళ్ళ తోటవే. టమాటా, బెండ, వంకాయ చుట్టుపక్కల రైతుల నుంచి తెస్తారట. ఊళ్ళ పేర్లు చెప్పారు, కౌలుదారులు కూడా ఉన్నారన్నారు. రైతుకు ఎంత ఇస్తారంటే మాత్రం మాట దాటేశారు. ఆకుకూరలకు అక్కడికే వెళ్తాను. టమాటాకు రెట్టింపు పెట్టడానికి ఇక మనసొప్పడం లేదు. కానీ బోరబండ తమ్ముడూ, నాకు స్తోమత ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ పెట్టాలన్న మాట మీదే ఉన్నాను. ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు ప్రశ్న. చేవెళ్ల అన్నగారూ, మా అపార్ట్‌మెంట్‌లో చాలా కుటుంబాలున్నాయి. ఏరకుండా బాక్సుకు బాక్సు తీసుకుంటే మీకు పనికొస్తుందా?

చేవెళ్ల రైతు

చాలా పనికొస్తుంది అక్కా. బాక్సు 25 కిలోలు. నలుగురైదుగురు కలిసి పంచుకోవచ్చు. చిన్న కాయ, పగిలిన కాయ అన్నీ ఉంటాయి, కుళ్ళింది ఉండదు. పగిలినవాటితో పచ్చడి చేసుకోండి.

బోరబండ నుంచి

మంచిదే. మరి టమాటా మళ్ళీ వంద అయితే అన్నా, అక్కకు పాత రేటుకే ఇస్తావా, బోయిన్‌పల్లికి కొట్టేస్తావా? ఇట్లాంటి ఒప్పందాలు అక్కడే తెగిపోతాయి.

చేవెళ్ల రైతు

సరైన ప్రశ్న అడిగినవ్ తమ్మీ. పంట మొత్తం అదే రేటుకు ఇస్తే నేను బతకను. అందుకే వారానికి ఎనిమిది బాక్సులు, మూడు నెలలు, ఒకే రేటు అని రాసుకుందాం. ధర పెరిగినా ఆ ఎనిమిదీ వస్తాయి. పడిపోయినా అదే రేటుకు ఎనిమిదీ తీసుకోవాలి. ఎనిమిది దాటింది నా ఇష్టం.

చందానగర్ గృహిణి

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఈ రాత్రే పెడతాను. ఎనిమిది బాక్సులకు సరిపడా కుటుంబాలు ముందుకొస్తే రేటు మాట్లాడుకుందాం.

చేవెళ్ల రైతు

శుక్రవారం సాయంత్రం కోస్తాం, శనివారం పొద్దున ఆరున్నరకు మీ గేటు దగ్గర ఉంటాం. వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టండి, ట్రాలీని లోపలికి రానివ్వరు. ఖాళీ బాక్సులు మాత్రం వాపసు ఇవ్వాలి.