కిగాలిలో ప్రణాళిక కాగితం మీది నుంచి నేల మీదికి ఎలా దిగింది?

ప్రశ్న: నాగోలువాసి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా రువాండా రాజధాని కిగాలిలో ఉంటున్నందున నెల రోజుల పాటు అక్కడ ఉండి వచ్చాను. నేను పట్టణ ప్రణాళిక చదివినవాణ్ణి కాను, బ్యాంకులో ఇళ్ల రుణాలు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందువల్ల ఏ ఊరికి వెళ్లినా నా కళ్లు ముందు హద్దుల మీదికే పోతాయి.

కిగాలి మొత్తం గుట్టలూ లోయలూ. ఒక సాయంత్రం మా అమ్మాయి ఇంటి నుంచి కిందికి నడుస్తూ చూస్తే, గుట్ట వాలు మీద ఇళ్లు మెట్లు మెట్లుగా దిగివచ్చి ఒకచోట గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆ గీతకు అవతల లోయ అడుగున మన జమ్ములాంటి పొడవాటి గడ్డి, మధ్యలో సన్నటి నీటిపాయ, కొంగలు తప్ప ఒక్క రేకుల షెడ్డు కూడా లేదు. మా కాలనీ వెనక చెరువుకు అలుగు ఎక్కడుండేదో ఇప్పుడు చూపించగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. అందుకే ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

తిరిగి వచ్చాక చదివితే ఒక విషయం ఆశ్చర్యం కలిగించింది. కిగాలికి వివరమైన మాస్టర్ ప్లాన్ 2013లో వచ్చింది. మన హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2031 మాస్టర్ ప్లాన్ నోటిఫై అయిందీ 2013లోనే. వాళ్లు దాన్ని 2020లో సవరించి 2050 వరకు పొడిగించారు. 2022 జనగణనలో 17 లక్షలు దాటిన జనాభా అప్పటికి 38 లక్షలవుతుందన్న అంచనాతో రోడ్లు, ఇళ్లు, చిత్తడి నేలలు అన్నీ లెక్క వేశారు. ఒకే ఏడాది రెండు ఊళ్లకు పటాలు వచ్చినప్పుడు అక్కడి గీత నేల మీద కనిపిస్తూ, ఇక్కడి గీత పటంలోనే ఎందుకు ఉండిపోయింది? డబ్బా, చట్టమా, పాలకుల పట్టుదలా? ఆ ప్రాంతం గురించి గానీ ఇక్కడి ప్రణాళిక గురించి గానీ తెలిసినవారు వివరించగలరు.

జవాబు: గొలుసు_సర్వే

నాగోలువాసి గారికి నమస్కారం. నేను భూముల కొలతల పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను కాబట్టి నా సమాధానం కూడా నేల వైపు నుంచే ఉంటుంది. మీరు చెప్పిన మూడింటిలో చట్టాన్ని ముందుగా పక్కన పెట్టవచ్చు. రువాండా పర్యావరణ చట్టం ప్రకారం చిత్తడి నేల అంచు నుంచి 20 మీటర్ల లోపు ఇల్లు కట్టకూడదు. మన దగ్గర 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలని ఉంది. పెద్ద చెరువుల విషయంలో మన నిబంధనే కఠినం. అసలు చిక్కు ఆ 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గర ఉంది. మహానగర ప్రాంతంలో మూడు వేల పైచిలుకు చెరువులుంటే, చాలా వాటికి ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ రాకుండానే ఏళ్లు గడిచిపోయాయి. మొదలే లేని కొలతకు చివర ఎలా దొరుకుతుంది?

రువాండావాళ్లు పటం గీయడంతో పాటు ఇంకో పని చేశారు. 2009 నుంచి నాలుగైదేళ్లలో దేశం మొత్తం మీద కోటికి పైగా భూమి ముక్కలను నమోదు చేశారు. ఆ పద్ధతి వింటే నాలాంటి కొలతలవాడికి మొదట నవ్వు వస్తుంది. కొలత గొలుసు లేదు, టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం లేదు. పై నుంచి తీసిన ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చు వేసుకుని, ఆ ఊళ్లోనే శిక్షణ ఇచ్చిన కుర్రవాళ్లు పొలం గట్టు మీదికి వెళ్లేవారు. ఇరుగుపొరుగు వాళ్లను అక్కడే నిలబెట్టి, ఇద్దరూ ఒప్పుకున్న చోట ఆ ఫొటో మీదనే పెన్నుతో గీత గీసేవారు. అడుగు అటూ ఇటూ తేడా రావచ్చు, కానీ ఇరుగుపొరుగు ఇద్దరూ కళ్లతో చూసి ఒప్పుకున్న గీత అది. చట్టబద్ధంగా పెళ్లైన భార్యాభర్తలైతే ఇద్దరి పేర్లూ పట్టాలో చేరాయి. ప్రతి ముక్కకూ ఒక యూపీఐ సంఖ్య ఇచ్చారు (అక్కడ యూపీఐ అంటే డబ్బులు పంపేది కాదు, భూమి ముక్క గుర్తింపు సంఖ్య). ఆ సంఖ్య కొడితే మాస్టర్ ప్లాన్‌లో ఆ ముక్క ఏ జోన్‌లో పడుతుందో తెరమీద కనిపిస్తుంది. అంటే పటం, పట్టా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

మన దగ్గర పహాణీ ఒకటి చెబుతుంది, సేత్వార్ అనే నిజాం కాలపు భూమి రికార్డు ఇంకొకటి చెబుతుంది, మాస్టర్ ప్లాన్ రంగు మూడోది చెబుతుంది. ఒకసారి శివారులోని ఒక లేఅవుట్‌కు హద్దులు చూపించడానికి వెళ్లాను. గ్రామ పంచాయతీ ముద్ర ఉన్న కాగితాలు చేతిలో పట్టుకుని అరవై మంది వచ్చారు. తూము రాయి పదిహేడో నంబరు ప్లాటు మధ్యలో ఉంది. ఆ ప్లాటాయన దాని మీద తులసి కోట కట్టుకున్నాడు. ఎవరి కాగితం తప్పో ఆ రోజు ఎవరూ తేల్చలేదు, నేనూ తేల్చలేదు.

జవాబు: కిగాలి_నుంచి

మాది కరీంనగర్. నిర్మాణ రంగంలో ఉన్నాను, నాలుగేళ్లుగా ఇక్కడే పని. గొలుసు గారు చెప్పిన నమోదు సంగతి అక్షరాలా నిజం. కాకపోతే నాగోలువాసి గారు చూసిన గీత అంత సులభంగా రాలేదని చెప్పడం కూడా అవసరం.

ఈ నగరాన్ని 1907లో రిషార్డ్ కాంట్ అనే జర్మన్ అధికారి ఒక చిన్న పరిపాలనా స్థావరంగా మొదలుపెట్టాడు. 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం నడిబొడ్డున ఉందని రాజధానిని చేశారు. 1994 జాతిహననం తర్వాత చెల్లాచెదురైన జనం, పరాయి దేశాల నుంచి తిరిగివచ్చినవారు ఇక్కడికే చేరడంతో ఊరు ప్రణాళిక అనేదే లేకుండా పెరిగింది. 2008 నాటికి డెన్వర్‌కు చెందిన ఓజెడ్ ఆర్కిటెక్చర్ భావనా ప్రణాళిక తయారుచేసింది, 2013లో సింగపూర్‌కు చెందిన సుర్బానా సంస్థ దాన్ని వివరంగా రూపొందించింది. ఆ 2013 నిబంధనలు గాజు మేడలు కట్టేవాడికి సరిపోయాయి గానీ, మట్టి ఇటుకలతో రెండు గదులు వేసుకుని డబ్బు చేతికొచ్చినప్పుడు మూడోది కలుపుకునేవాడికి ఆ నిబంధనల్లో చోటే లేదు. నగరంలో సగానికి పైగా జనం అలాంటి ఇళ్లలోనే ఉంటారు. 2020 సవరణలో అసలు మార్పు అక్కడే జరిగింది. ఇల్లూ దుకాణమూ ఒకేచోట ఉండే వాడకానికి, విడతలవారీగా కట్టుకునే ఇళ్లకు అవకాశం ఇచ్చారు. 2050 అన్న ఏడాది కంటే ఈ సవరణే గొప్పదని నా అభిప్రాయం. ఏడేళ్లకే తమ ప్రణాళిక ప్రజలకు సరిపోలేదని ఒప్పుకున్న నగరపాలనలు ఎక్కువగా కనిపించవు.

చిత్తడి నేలల విషయానికొస్తే, గికొండో లోయలో ఏళ్ల తరబడి కర్మాగారాలు, గోదాములు ఉండేవి. వాన వస్తే న్యాబుగోగో వైపు వరద. వాటిని అక్కడి నుంచి ఖాళీ చేయించి చాలావాటిని మసోరోలోని ప్రత్యేక ఆర్థిక మండలికి తరలించడానికి సంవత్సరాలు పట్టింది. విమానాశ్రయం వైపున్న న్యాండుంగు లోయను 121 హెక్టార్ల ఉద్యానంగా బాగుచేసి 2022లో తెరిచారు.

అదే 2022లో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. నగరంలో ఖరీదైన ఇళ్లకు ఆనుకుని కంగొండో అనే బస్తీ ఉండేది. జనం దాన్ని బన్యాహే అని పిలిచేవారు, మరుగుదొడ్లు లేవన్న వెక్కిరింపు ఆ పేరులోనే ఉంది. అక్కడివారికి బుసాంజాలో అపార్టుమెంట్లు ఇస్తామన్నారు. చాలామంది తమకు ఫ్లాటు కాదు, నష్టపరిహారం డబ్బుగా కావాలని కోర్టుకు వెళ్లారు. చివరికి ఆ ఏడాది మిగిలిన ఇళ్లను కూల్చివేశారు. గీత శుభ్రంగా కనిపించే చోట దాని వెనక ఇలాంటి బస్తీ ఒకటైనా ఉంటుంది.

జవాబు: మెహదీపట్నం_పాత

చర్చ బాగుంది. ఒక్క అభ్యంతరం. కిగాలి నగర పరిధి 730 చదరపు కిలోమీటర్లు. మన 2013 నాటి మహానగర ప్రాంతం 7 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. పైగా అక్కడ ఒకే పార్టీ దశాబ్దాలుగా అధికారంలో ఉంది, కోర్టు స్టేలతో పదేళ్లు నడిచే వ్యవహారాలు లేవు. అక్కడి పనితీరును ఇక్కడికి అరువు తెచ్చుకోలేం. పటం గొప్పదైతే చాలుననుకునేవారు నైజీరియాలోని అబూజాను కూడా చూడాలి. 1979లో మాస్టర్ ప్లాన్ వేసి, 1991 డిసెంబరులో రాజధానిని లాగోస్ నుంచి అక్కడికి మార్చారు. మధ్య భాగం పటంలో ఉన్నట్టే వచ్చింది. అక్కడ అద్దె కట్టలేని ఉద్యోగులు పక్క రాష్ట్ర సరిహద్దులోని మరరాబా, కరూల్లో చేరి, పొద్దున్నే గంటల తరబడి ట్రాఫిక్‌లో నగరానికి వస్తుంటారు.

జవాబు: గొలుసు_సర్వే

మెహదీపట్నం గారు చెప్పిన విస్తీర్ణం తేడా నిజమే. అయితే మనకూ ఒకప్పుడు నిలబడిన గీత ఉండేది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీఓ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఉల్లంఘనలు జరిగాయి, కాదనను. అయినా అవుటర్ రింగ్ రోడ్డు అవతల అటువైపు ఇప్పటికీ మిగిలిన పచ్చదనంలో ఎక్కువ భాగం ఆ జీఓ చలవే. 2022లో 69 జీఓతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. స్టేలు, ఎన్నికలు అన్నీ ఉండగానే ఇరవై ఆరేళ్లు నిలిచిన గీత అది. కాబట్టి ప్రజాస్వామ్యం ఉంటే గీత నిలవదన్న వాదన నేను ఒప్పుకోలేను.

నాగోలువాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. తులసి కోట సంగతి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అలాంటి ప్లాట్ల మీద మేమూ రుణాలు ఇచ్చాం. ఒక్క సందేహం మిగిలింది. కిగాలిలో ఆ లోయల్లో అంతకుముందు సాగు చేసుకునేవారి మాటేమిటి? వారికి పట్టాలు లేవా?

జవాబు: కిగాలి_నుంచి

లేవండి. అసలు కీలకం అదే, ముందే రాయవలసింది. రువాండాలో చిత్తడి నేల ప్రభుత్వ ఆస్తి. అందులో సాగు చేసే రైతులకు, సహకార సంఘాలకు వాడుకునే హక్కే తప్ప యాజమాన్యం ఉండదు. అంచు దాటాక అమ్మకమూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. అందువల్ల ఖాళీ చేయించేటప్పుడు పంటకూ కట్టడాలకూ పరిహారం గురించి పేచీలు వస్తాయి గానీ, అడుగున ఉన్న నేల ఎవరిదన్న వివాదం రాదు.

జవాబు: గొలుసు_సర్వే

మన శిఖం భూముల్లో, అంటే చెరువు నిండితే మునిగే నేలల్లో, వచ్చేది ఆ వివాదమే. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికని పూర్వం చాలాచోట్ల శిఖం పట్టాలు ఉండేవి. పట్టా రైతుది, నీళ్లు చెరువువి. వానలు తగ్గిన పదేళ్లలో ఆ పట్టాలు ప్లాట్లుగా మారాయి. నాగోలువాసి గారు, మీ కాలనీ వెనక చెరువు సర్వే నంబరు తెలిస్తే పాత పహాణీలో ఆ నంబరు ఎదుట ‘శిఖం’ అనే మాట ఉందేమో, ఉంటే దాని పక్క గడిలో సర్కారీ అని రాశారో, పట్టాదారు పేరు రాశారో ఒకసారి చూడండి. మీసేవలో నకలుకు దరఖాస్తు చేస్తే దొరకవచ్చు. అది చేతికి వచ్చాక ఇక్కడ పెట్టండి, అలుగు ఎటువైపు ఉండాలో గ్రామ నక్షా (పటం) చూసి చెప్పగలను.