బిగుసుకుపోయిన వెంట్, హీటర్ కేబుళ్లు: తెగకుండా వదులు చేయడం ఎలా?

ప్రశ్న

బండి 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు). డాష్ మీద గాలి నాబ్, వేడి నాబ్ రెండూ బిగుసుకుపోయాయి.

గాలి నాబ్ సగం తిరిగి ఆగిపోతోంది. ఇంకాస్త బలం పెడితే డాష్ కింద కేబుల్ ఔటర్ (పై తొడుగు) విల్లులా వంగుతోంది గానీ ఫ్లాప్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) కదలడం లేదు. వేడి నాబ్ పూర్తిగా తిరుగుతుంది, కానీ చాలా బరువుగా. ఇంజిన్ వేడెక్కాక ఇంకా బరువవుతోంది.

రెండు కేబుళ్లలోనూ ఇన్నర్ (ఔటర్ లోపల జరిగే తీగ) ఒంటి స్టీలు తీగ. ఔటర్ స్టీలు చుట్ట, లోపల ప్లాస్టిక్ గొట్టం లేదు. నాబ్ వైపు నుంచి తుప్పు వదిలించే స్ప్రే కొడితే కాసేపు తేలికై మళ్లీ మొదటికొస్తోంది. కేబుళ్లు బయటికి తీయాల్సిందేనా? తీస్తే ఏ నూనె వాడాలి? డాష్ మొత్తం ఊడదీయకుండా పని అయ్యే దారి ఉంటే చెప్పండి.

జవాబు 1

ముందు నాబ్‌ని బలవంతంగా తిప్పడం ఆపేయండి. ఈ ఒంటి తీగ లాగడమే కాదు, నెట్టడం కూడా చేస్తుంది. అవతల పట్టేసినప్పుడు నెడితే తీగ ఔటర్ బయట ఉన్న చిన్న ముక్క దగ్గర మడత పడుతుంది. ఒకసారి మడత పడిన తీగ ఆ తర్వాత ఎంత నూనె పోసినా సాఫీగా జరగదు. నూనెతో పోయే సమస్య కాస్తా కొత్త కేబుల్ కొనే దాకా వస్తుంది.

స్ప్రే డబ్బా పక్కన పెట్టి, ఏది పట్టేసిందో విడివిడిగా చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అవతలి చివర లివర్ మీద ఉన్న ట్రనియన్ స్క్రూ వదులు చేయండి. ట్రనియన్ అంటే తీగ దూరి బిగుసుకునే చిన్న ఇత్తడి గుబ్బ. తీగను అందులోంచి బయటికి లాగేయండి. ఇప్పుడు మూడు పరీక్షలు:

ఒకటి, నాబ్ తిప్పండి. ఆవలి చివర తీగ సాఫీగా ముందుకూ వెనక్కీ జరిగితే కేబుల్‌లో తప్పు లేదు. రెండు, లివర్‌ని వేళ్లతో కదపండి. వేళ్లకు లొంగని లివర్ కేబుల్‌కీ లొంగదు. మూడు, నాబ్ వైపు కూడా తీగ విడదీసి నాబ్ ఒక్కదాన్నే తిప్పండి. దాని ఇరుసు దగ్గరే ఎండిన గ్రీజు పేరుకుని ఉండొచ్చు.

మీరు చెప్పిన లక్షణాలే సగం జవాబు ఇస్తున్నాయి. ఔటర్ విల్లులా వంగుతోందంటే బహుశా లోపల తీగ జరుగుతోంది, ఆవలి చివర మాత్రం పట్టేసింది. కాబట్టి గాలి విషయంలో నా అనుమానం ఫ్లాప్ మీదే. వేడి నాబ్ ఇంజిన్ వేడెక్కాక బరువవుతోందన్నారు. పాత గ్రీజే కారణమైతే వేడికి మెత్తబడి తేలికవ్వాలి. ఇక్కడ జరిగేది దానికి తిరగబడి ఉంది, అందుకని సిలిండర్ హెడ్ మీద ఉన్న నీటి వాల్వ్‌ని (హీటర్‌కి వేడి నీళ్లు వదిలేది) ముందు చూడండి.

జవాబు 2

పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తాను. పరీక్షలో కేబులే దోషి అని తేలితే ఇలా చేయండి.

స్ప్రే ఎందుకు నిలవలేదంటే, డబ్ల్యూడీ-40 లాంటివాటిలో ఎక్కువ భాగం త్వరగా ఆరిపోయే ద్రావకం. ఎండిన గ్రీజుని కరిగించడానికి బాగుంటుంది, కరిగిన మురికిని మాత్రం ఔటర్‌లోనే వదిలేస్తుంది. ద్రావకం ఆరాక ఆ మురికి మళ్లీ గట్టిపడుతుంది. అందుకని కడగడం ఒక పని, నూనె పట్టించడం వేరే పని.

కేబుల్ బయటికి తీయగలిగితే తీయండి. తీసే ముందు తీగ కొసను ఆకురాయితో నునుపు చేయాలి. ట్రనియన్ స్క్రూ నొక్కిన చోట చిన్న బొడిపె లేచి ఉంటుంది, దాన్ని అలాగే లాగితే ఔటర్ లోపలి చుట్లను గీరేస్తుంది. తీగను పూర్తిగా బయటికి లాగి, సన్నని స్టీల్ ఊల్‌తో పొడవునా రుద్దండి. ఎమరీ పేపర్ వద్దు, అడ్డగీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. ఔటర్‌ని నిలువుగా వేలాడదీసి పై చివర చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, అందులో స్ప్రే నింపండి. కింద గుడ్డ మీద గోధుమ రంగు పోయి తేటగా కారేదాకా ఇలాగే కడగండి. ఒక రాత్రి ఆరనిచ్చి, అదే గొట్టంలోంచి కుట్టుమిషన్ నూనె చుక్కచుక్కగా వేయండి. ఈ పొడవుకి 10 నుంచి 15 చుక్కలు చాలు. కింది చివర నూనె తడి కనిపించాక తీగ దూర్చి పది ఇరవై సార్లు ముందుకూ వెనక్కీ ఆడించండి.

మందపాటి గ్రీజు నింపకండి. కొన్నేళ్లకు అదే మళ్లీ మైనంలా గట్టిపడుతుంది.

చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట: మీ కేబుల్ ఔటర్ లోపల నైలాన్ గొట్టమో పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గొట్టమో ఉంటే ఘాటైన ద్రావకాలు వాడొద్దు. పొడిగుడ్డతో తుడిచిన తీగకి సిలికాన్ నూనె పలచగా పూస్తే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేశాను. గాలి కేబుల్ విడదీశాక వేలితో నెట్టినా జరుగుతోంది. ఫ్లాప్ లివర్ మాత్రం కదలడం లేదు. వేడి వైపు వాల్వ్ లివర్ గట్టిగానే ఉంది, పైగా ట్రనియన్ పక్కన తీగకి స్పష్టమైన మడత ఉంది. ఆ మడతను సరిచేసి వాడొచ్చా? లేదంటే సైకిల్ బ్రేకు ఇన్నర్ వేసి నడిపించొచ్చా?

జవాబు 3

మడత తీగ వద్దు. స్ప్రింగు స్టీలు ఒకసారి మడత పడ్డాక వెనక్కి వంచితే అక్కడే బలహీనమవుతుంది, కొద్ది రోజులకు అక్కడే తెగుతుంది. మడత ఔటర్ బయట చివరి ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఉండి, తీగకి అదనపు పొడవు ఉంటే ఆ ముక్క కత్తిరించేయొచ్చు. లేదంటే మార్చండి.

సైకిల్ ఇన్నర్ అసలు పనికిరాదు. అది పేనిన తీగ, లాగుతుందే గానీ నెట్టలేదు. మీ వాల్వ్‌కి, ఫ్లాప్‌కి వెనక్కి లాగే స్ప్రింగు లేదు, రెండు వైపులా తీగే పని చేయాలి. పాత తీగ మందాన్ని వెర్నియర్‌తో కొలిచి అదే మందం పియానో వైరు (గట్టి స్ప్రింగు స్టీలు ఒంటి తీగ) తెచ్చుకోండి. సన్నది వేస్తే ఔటర్ లోపల పాములా మెలికలు తిరిగి నాబ్ ఖాళీగా తిరుగుతుంది. మందంది వేస్తే వంపుల దగ్గర పట్టేస్తుంది.

కోయడానికి మామూలు కటింగ్ ప్లేయర్ వాడితే దాని పళ్లే పోతాయి, తీగ కొస కూడా చప్పిడవుతుంది. సన్నని కటింగ్ డిస్క్‌తో కోసి కొస గుండ్రంగా రాయండి. ఔటర్ పొడవు తగ్గించాల్సి వస్తే కోసిన చివర ఆఖరి చుట్టు లోపలికి వంగిందేమో సూదితో వెతకండి. కొత్త కేబుల్ మొదటి రోజే గీరుకుంటోందంటే చాలాసార్లు కారణం ఇదే.

ట్రనియన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అది లివర్ రంధ్రంలో స్వేచ్ఛగా తిరగాలి. లివర్ ఒక వంపులో కదులుతుంది, తీగ నేరుగా జరుగుతుంది, ఆ తేడాను సర్దేది ట్రనియనే. అది తుప్పుతో లివర్‌కి అతుక్కుపోతే ప్రతిసారీ తీగ వంగుతుంది. మీ తీగ సరిగ్గా అక్కడే మడత పడడానికి నా లెక్కలో కారణం అదే. తీసి, శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేయండి. స్క్రూ బిగించేటప్పుడు ట్రనియన్‌ని స్పానర్‌తో పట్టుకోండి, లేకపోతే స్క్రూతో పాటు అదీ తిరిగి కొత్త తీగను మెలిపెడుతుంది.

జవాబు 1 (మళ్లీ)

ఫ్లాప్ విషయం. ఇరుసు రెండు చివరలా తుప్పు పట్టి ఉంటుంది, లేదా ఫ్లాప్ అంచు ఫోమ్ కరిగి పెట్టెకి జిగురులా అంటుకుని ఉంటుంది. ఇరుసుకి తుప్పు వదిలించే నూనె పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు లివర్‌ని మొదలు దగ్గర (ఇరుసు పక్కన) పట్టుకుని మిల్లీమీటరు అటూ ఇటూ ఆడిస్తూ వదులు చేయండి. కొస పట్టుకుని లాగితే లివర్ వంగుతుంది. పాత ఫోమ్, ఫెల్టు పొడిని గాలితో ఊదకండి. ఆ కాలపు బండ్ల ఫెల్టుల్లో, పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి తడిపి గీకండి, మాస్క్ తప్పనిసరి. కొత్త ఫోమ్ పాత దానికంటే మందంగా ఉంటే ఫ్లాప్ చివరిదాకా మూసుకోదు, మళ్లీ ఔటరే వంగుతుంది.

నీటి వాల్వ్‌ని నూనెతో వదులు చేయొచ్చు గానీ నాకు ఆ పని నచ్చదు. లోపలి సీలు ఎండిపోయాకే లివర్ గట్టిపడుతుంది. బలవంతంగా కదిపితే ఇరుసు దగ్గర కూలెంట్ కారడం మొదలవుతుంది. వాల్వ్, దాని గాస్కెట్ రెండూ కొత్తవి వేయండి. కూలెంట్ హెడ్ మట్టం కంటే కిందికి దిగేదాకా తీస్తే చాలు.

బిగించే పద్ధతి: నాబ్‌ని మూసిన స్థానానికి తిప్పి 2 లేదా 3 మిల్లీమీటర్లు వెనక్కి తేండి. లివర్‌ని చేత్తో పూర్తిగా మూసి పట్టుకుని అప్పుడు ట్రనియన్ బిగించండి. అప్పుడు నాబ్ కొసకి చేరేలోపే ఫ్లాప్ గట్టిగా మూసుకుంటుంది. ఔటర్‌ని పట్టే క్లిప్ జారకుండా ఉండేంత బిగింపు చాలు. ఔటర్ నలిగిందంటే లోపల తీగ పట్టేసినట్టే.

జవాబు 4

డాష్ ఊడదీయనక్కర్లేదు. నాబ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, సన్నని పిన్నుతో లోపలి స్ప్రింగు బొడిపె నొక్కితే నాబ్ బయటికి వస్తుంది. వెనక నట్టు తీస్తే కంట్రోల్ మొత్తం కిందికి దిగుతుంది. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు (బండి బాడీకి కలిసేది) తీసేయండి. మీ 1972 బండిలో నెగటివే ఎర్త్, వైరింగ్ ఎవరూ మార్చకపోతే. 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీలకు పాజిటివ్ ఎర్త్, ఆ బండ్లవాళ్లు ఇది చూసుకోవాలి.

పాత కేబుల్ తీసే ముందు అది వెళ్లే దారిని ఫోటో తీసుకోండి. కొత్తది అదే దారిలో వేసినా 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం కంటే చిన్న వంపు రానివ్వకండి. ఇంజిన్ వైపు గోడలోంచి వెళ్లేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) మార్చండి, అక్కడ్నుంచి దిగే నీళ్లే ఔటర్‌లోకి చేరి తుప్పు తెస్తాయి.