ఐదో నెల. కాఫీ మానలేకపోతున్నా, ఏం తాగొచ్చు?

సిరిమల్లె: పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే నాకు తలనొప్పి. అత్తయ్య డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు. కొబ్బరినీళ్లు జలుబట, కుంకుమపువ్వు పాలు మాత్రం రోజూ తాగాలట. ఏవి తాగొచ్చు, ఏవి వద్దు? మీకెలా జరిగిందో చెప్పండి.

గోదారమ్మాయి: మొత్తం మానక్కర్లేదని మా డాక్టరమ్మ అన్నారు. రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు. డికాషన్ మరీ చిక్కగా లేకపోతే చిన్న కప్పులు రెండు తాగొచ్చు. టీ, కోలా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఎనర్జీ డ్రింకుల జోలికే పోవద్దు.

ఓరుగల్లు పిల్ల: ఎన్ని కప్పులన్నదే కాదు, ఎప్పుడు తాగుతున్నారో కూడా చూసుకోండి. ఆరో నెలలో నా హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు, అయినా ఇంతేనా అని ఏడుపొచ్చింది. ఆశా అక్క ఇంటికొచ్చి, "గోలి దేంతోని మింగుతున్నవ్?" అని అడిగింది. టీతో! టిఫిన్ అయ్యాక గ్లాసు చేతిలోనే ఉంటుంది కదా, ఆ గుటకతోనే మాత్ర కూడా. టీ, కాఫీల్లో ఉండే టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవట. పాలు, కాల్షియం మాత్ర కూడా అడ్డమే, అందుకే అవి వేరే పూట. ఆ రోజు నుంచి మాత్ర నిమ్మకాయ నీళ్లతో, టీ గంటన్నర తర్వాత. తొమ్మిదో నెలకు 10.8 అయింది.

పల్నాటి అక్క: కొబ్బరినీళ్లతో జలుబేం రాదమ్మా, కాయ అప్పుడే కొట్టించుకుని తాగు. కుంకుమపువ్వు పాలు ఇద్దరు పిల్లలప్పుడూ తాగా. ఇద్దరూ అచ్చం వాళ్ల నాన్న రంగే. పాలు మాత్రం కాచినవే తాగాలి. మంచిదని చెప్పి గుమ్మపాలు ఇస్తారు, వద్దను.

తాటివనం: మా వైపు "కల్లు చలవ, గ్లాసుడు తాగితే ఏం కాదు" అంటారు. అదీ మద్యమేనండీ. కడుపుతో ఉన్నప్పుడు ఇంతైతే పర్వాలేదు అనే కొలత లేదు. నీరా కూడా దించిన కాసేపటికే పులుస్తుంది.

శ్రావణమేఘం: చెరుకురసం సంగతి ఎవరూ ఎత్తలేదే! మా అక్కకు ఏడో నెలలో కళ్లు పచ్చబడ్డాయి. పరీక్ష చేస్తే హెపటైటిస్ ఈ. రెండు వారాలు ఆసుపత్రిలోనే ఉంది, దేవుడి దయవల్ల తల్లీబిడ్డా గట్టెక్కారు. బండి రసం వల్లో, ఊళ్లో నీళ్ల వల్లో తేలలేదు. కానీ గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డను రోడ్డు పక్కనే కొట్టి గ్లాసులో వేయడం చూశాక నాకు మనసొప్పలేదు. కలుషిత నీళ్లతో వచ్చే ఈ జబ్బు చివరి నెలల్లో ప్రాణాల మీదికి తెస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు, ఇంటి మజ్జిగ చాలు. షుగర్ ఉందంటే పళ్లరసాలు, చక్కెర వేసిన రాగిజావ కూడా డాక్టర్‌ని అడిగే తాగండి.

సిరిమల్లె: అన్నీ అత్తయ్యకు చదివి వినిపించా. ఓరుగల్లు పిల్ల రాసింది మళ్లీ చదవమన్నారు. ఆవిడ కూడా ఏడాదిగా రక్తం మాత్ర టీతోనే వేసుకుంటున్నారట! డబ్బా అటక దిగింది. చెంచా మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.