పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ ముందా, ర్యామ్ ముందా?

వనస్థలిపురం_అకౌంట్స్:
అందరికీ నమస్తే. నాది ఐ5 ఆరో తరం (6200యూ) ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఇంటి నుంచే చిన్న షాపుల జీఎస్టీ లెక్కలు చూస్తాను, కాబట్టి ట్యాలీ, ఎక్సెల్, క్రోమ్‌లో పోర్టల్ మూడూ ఒకేసారి తెరిచి ఉండాల్సిందే. ఈ మధ్య ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఐకాన్లు ఇంకా ఒక్కొక్కటే వస్తుంటాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే అతుక్కుపోయి ఉంటుంది, మెమరీ కూడా 85 దిగదు. మా కాలనీ షాపాయన "ఇది అయిపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అంటాడు, మా తమ్ముడు హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించమంటాడు, మా ఆయన ఆఫీసులో ఎవరో ర్యామ్ వేస్తే చాలన్నారట. ఏది ముందు చేయించాలి? డేటా పోతుందేమోనని అదొక టెన్షన్.

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్:
ఎస్‌ఎస్‌డీ ముందు మేడమ్, ఇందులో రెండో మాట లేదు. హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలు కావాలంటే హెడ్ కదిలి అక్కడికి వెళ్లాలి, ప్లేటు తిరిగి ఆ చోటు దాని కిందికి రావాలి, ఇదంతా ప్రతిసారీ పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. విండోస్ లేచేటప్పుడు అడిగేవన్నీ చిన్న చిన్న ఫైళ్లు, అవీ వేలల్లో. కోఠి ఫుట్‌పాత్ మీద ఒక్కో పుస్తకం కోసం ఒక్కో గుట్ట కదిపినట్టే. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు, మిల్లీసెకన్‌లో పదో వంతు కూడా పట్టదు. డబ్బా మీద రాసే సెకనుకు 500 ఎంబీ, 3500 ఎంబీ స్పీడ్‌ల కంటే ఈ తేడానే మీకు కళ్లకు కనిపిస్తుంది.

ఇంకో సంగతి, మీ డిస్క్ 100 చూపించడానికి ర్యామ్ కూడా కొంత కారణమే. 4 జీబీ నిండగానే విండోస్ మిగతాది పేజ్ ఫైల్ పేరుతో అదే డిస్క్ మీదికి తోస్తుంది, అంటే ముందే ఊపిరాడని డిస్క్‌కి ఇంకో పని. ఒక్క ర్యామే వేయిస్తే పని మధ్యలో ఆగిపోవడం తగ్గుతుంది కానీ ఆన్ అవడానికి మాత్రం అంతే టైమ్ పడుతుంది. ఒక్క ఎస్‌ఎస్‌డీ వేయిస్తే రెండూ బాగుపడతాయి, ర్యామ్ కొరత పూర్తిగా తీరకపోయినా.

2.5 అంగుళాల సాటా రకం తీసుకోండి, పాత హార్డ్ డిస్క్ తీసిన చోటే కూర్చుంటుంది. ఎమ్.2 స్లాట్ (చిన్న పట్టీలా ఉండే ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉందని ఎవరైనా ఎన్‌వీఎమ్‌ఈ అనే ఇంకో రకం అంటగడితే ఆగండి, ఆ కాలం మోడళ్లలో కొన్నింటి ఎమ్.2 స్లాట్ సాటా ఎస్‌ఎస్‌డీని మాత్రమే గుర్తిస్తుంది.

ఈసీఐఎల్_పోరడు:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ అక్కా, అన్నిటికంటే ముందు బ్యాకప్. డిస్క్ 100 చూపిస్తోందంటే ప్రతిసారీ స్లో అనే అర్థం కాదు, డిస్క్ చావడానికి దగ్గరపడినా అట్లనే ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వేసి చూడండి. నీలం రంగులో గుడ్ అని వస్తే పర్లేదు. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఇంక షాపుల చుట్టూ తిరగడం తర్వాత, ముందు డేటా పెన్‌డ్రైవ్‌లోకో వేరే డిస్క్‌లోకో లాగేయండి.

ర్యామ్ సంగతి: 6200యూ ప్రాసెసర్ డీడీఆర్3ఎల్, డీడీఆర్4 రెండు రకాల ర్యామ్‌తోనూ పనిచేస్తుంది, మీ మోడల్‌లో ఏది పెట్టారో తెలియకుండా కొనకండి. రెండింటికీ గాడి వేరే చోట ఉంటుంది, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. సీపీయూ-జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ చూస్తే రకం తెలుస్తుంది. స్లాట్ ఖాళీ ఉందా లేదా అనేది టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే అక్కడే రాసి ఉంటుంది. విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా కూడా చూసుకోండి, 32 అయితే 4 జీబీ దాటి ఎంత వేసినా దండగే.

కూకట్‌పల్లి_కోడర్:
నేను కొంచెం అడ్డం పడతాను. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్‌లో చేరితే మైక్రోసాఫ్ట్ మొదట చెప్పిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఓకే, మీది ఆరో తరం. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, ఆడుకునే సిస్టమ్ అయితే నేనే చెప్పేవాణ్ని, కానీ పదిమంది లెక్కలు, బ్యాంకు లాగిన్లు ఉండే సిస్టమ్‌లో వద్దు. విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకోమనే వాళ్లు ఇక్కడికి కూడా వస్తారు, మీ పని ట్యాలీతో కాబట్టి అది మీకు కుదరదు.

అందుకని నా లెక్క ఇది. ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఎందుకంటే రేపు ఈ ల్యాప్‌టాప్ పక్కన పెట్టినా దాన్ని తీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకోవచ్చు, డబ్బు ఎక్కడికీ పోదు. ర్యామ్ అలా కాదు, కొత్త వాటిలో డీడీఆర్5 వస్తోంది, ఇది దానికి పట్టదు. పైగా ఏఐ డేటా సెంటర్లు చిప్‌లన్నీ ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. 4 జీబీ సెకండ్ హ్యాండ్ స్టిక్ చవగ్గా దొరికితే సరే, లేకపోతే ఆ డబ్బు కొత్త ల్యాప్‌టాప్ కోసం దాచుకోండి.

వనస్థలిపురం_అకౌంట్స్:
అందరికీ థ్యాంక్స్. చూశాను: 64 బిట్టే, డీడీఆర్4, రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు వచ్చింది! ట్యాలీ డేటా అంతా వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీశాను, తమ్ముడి సిస్టమ్‌లో కూడా ఒక కాపీ పెట్టాను. ఇప్పుడు అడిగేది, ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేయించాలా, విండోస్ మళ్లీ మొదటి నుంచి వేయించాలా? మళ్లీ విండోస్ కొనాలా?

పార్క్‌లేన్_స్క్రూడ్రైవర్:
పసుపు వచ్చింది కాబట్టి క్లోన్ వద్దు, చదవలేని సెక్టార్ల దగ్గర ఆగిపోతుంది. పైగా మీ 1 టీబీ డిస్క్ నుంచి 500 జీబీ లాంటి చిన్న ఎస్‌ఎస్‌డీకి అంటే క్లోన్‌జిల్లా లాంటి కాపీ సాఫ్ట్‌వేర్లు నేరుగా ఒప్పుకోవు. ఫ్రెష్‌గా వేయించండి. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మారినా నెట్ కలపగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది, ఎవరైనా కీ కోసం డబ్బులడిగితే ఇవ్వకండి. ట్యాలీలో మాత్రం పాత డిస్క్ తీయకముందే లైసెన్స్ సరెండర్ చేసుకోండి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవచ్చు.

సీటీసీకి (పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్) వస్తే బిల్లు, వారంటీ కాగితం లేకుండా కదలొద్దు. ర్యామ్ తీసుకుంటే మీ ఎదురుగానే వేయించి, విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ ఒకసారి తిప్పించుకోండి. పాత డిస్క్ షాపులో వదిలేయకండి, పాడైనా సరే, అందులో మీ క్లయింట్ల పాన్ నంబర్లు ఉంటాయి.

ఈసీఐఎల్_పోరడు:
అక్కా, డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ వాడుతుంటే దాని డ్రైవర్ కూడా మళ్లీ వేసుకోవాలి, ప్రింటర్‌ది కూడా. కొత్త విండోస్ అన్నాక ఏదో ఒకటి మొరాయిస్తుంది. డేటా రెండు చోట్ల ఉంది కాబట్టి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, జీఎస్టీ 3బీ రిటర్న్ గడువు పెట్టుకుని ఈ పని మొదలుపెట్టకండి. 20 దాటాక చేయించండి.